5.4 హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారిలో మానసిక వ్యాధుల మందుల మోతాదు

హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారిలో కుంగుబాటు, ఆందోళన ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయో గత భాగంలో చదివారు. వాటికి ఇచ్చే మందుల మోతాదు ఏ.ఆర్.టి. మందులను బట్టి ఎలా మారుతుందో, అందులో కౌన్సెలర్‌గా మీ పాత్ర ఏమిటో ఈ భాగంలో తెలుసుకుంటారు.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. పాశమైలారం పారిశ్రామికవాడలో షిఫ్టు డ్యూటీ చేసే ఒక కార్మికుడు సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రిలోని ఏ.ఆర్.టి. కేంద్రంలో మందులు తీసుకుంటున్నారు. మానసిక చికిత్స కోసం ఎర్రగడ్డ ఆసుపత్రికి వెళ్తారు. రెండింటికీ ముంబై రహదారి మీదే ప్రయాణం. కాని చీటీలు రెండు. తెలిస్తే పని పోతుందన్న భయంతో ఆయన ఒకచోటి చీటీని మరొకచోట చూపరు. ఇద్దరు వైద్యులూ తమ మందును సరైన మోతాదులోనే రాసి ఉండవచ్చు. అయినా రెండూ ఒకే శరీరంలో కలిసినప్పుడు ఆ మోతాదు తప్పు కావచ్చు.

5.4.1 మోతాదు ఎందుకు మారుతుంది?

చాలా మందులను కాలేయంలోని ఎంజైములు విచ్ఛిన్నం చేస్తాయి. కొన్ని మందులు ఈ ఎంజైముల పనిని వేగవంతం చేస్తాయి. అప్పుడు తోడుగా వాడే మందు రక్తంలో తగ్గిపోతుంది. మరికొన్ని ఎంజైములను అడ్డుకుంటాయి. అప్పుడు తోటి మందు రక్తంలో పేరుకుపోతుంది.

5.4.2 గుర్తుంచుకోవలసిన సందర్భాలు

(అ) కార్బమజెపైన్: మూర్ఛకు, ఉన్మాదానికి ఇచ్చే ఈ మందు డోలుటెగ్రావిర్‌ను రక్తంలో తగ్గిస్తుంది. వైరస్ మళ్లీ పెరిగే ప్రమాదం ఉంటుంది. కాబట్టి వైద్యులు వేరే మందు ఎంచుకుంటారు, లేదా రోజుకు ఒకసారి ఇచ్చే 50 మి.గ్రా. డోలుటెగ్రావిర్‌ను 12 గంటల తేడాతో రెండుసార్లు ఇస్తారు.

(ఆ) రిటోనవిర్: రెండవ శ్రేణి చికిత్సలో వాడే ఈ మందు క్వెటియాపిన్‌ను పేరుకుపోయేలా చేస్తుంది. రెండూ కలపక తప్పనప్పుడు క్వెటియాపిన్‌ను ఆరో వంతుకు తగ్గించాలని అమెరికా సూచనలు చెబుతాయి. యూరప్ సూచనలు రెండూ కలపవద్దంటాయి. మగతతో, పడిపోయే రక్తపోటుతో యంత్రం దగ్గర నిలబడడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

(ఇ) లిథియం: ఇది మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది. టెనోఫోవిర్ కొందరిలో మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కనుక రక్తంలో లిథియం స్థాయి, క్రియాటినిన్ పరీక్షలు తప్పనిసరి. బాయిలర్, కొలిమి దగ్గర చెమట పట్టి నీరు తగ్గినా, ఒళ్లు నొప్పులకు ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వాడినా లిథియం పెరుగుతుంది. చేతులు వణకడం, వాంతులు, నడక తడబడడం ప్రమాద సంకేతాలు.

(ఈ) నిద్రలేమి: డోలుటెగ్రావిర్ కొందరిలో నిద్రను చెడగొడుతుంది. రాత్రి షిఫ్టు కూడా అదే పని చేస్తుంది. నిద్రమాత్ర కలిపే ముందు, మాత్ర వేసుకునే వేళ మార్చితే సరిపోతుందేమో వైద్యులను అడగమని చెప్పండి.

అన్ని మందులూ ఇలా ఇబ్బంది పెట్టవు. కుంగుబాటుకు ఇచ్చే సెర్ట్రలిన్, ఎసిటలోప్రామ్‌లకు డోలుటెగ్రావిర్‌తో చెప్పుకోదగ్గ చిక్కు లేదు. వీటినైనా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు.

5.4.3 మీ పాత్ర

మోతాదు నిర్ణయించడం వైద్యుల పని. వారికి పూర్తి సమాచారం అందేలా చూడడం మీ పని.

• రెండు చీటీలూ ఒకే సంచిలో ఉంచుకొని ఇద్దరు వైద్యులకూ చూపమని చెప్పండి. దుకాణంలో కొన్న మాత్రలను కూడా చెప్పించండి.
• కొత్త మందు చేరినప్పుడే కాదు, పాత మందు ఆపినప్పుడు కూడా ఏ.ఆర్.టి. కేంద్రానికి తెలియజేయించండి. కార్బమజెపైన్ ప్రభావం ఆపిన తరువాత కూడా సుమారు రెండు వారాలు ఉంటుంది.
• ఏ మందునూ సొంతంగా ఆపవద్దని చెప్పండి.
• వైద్యునికి చెప్పడం వేరు, యాజమాన్యానికి తెలియడం వేరు అని వివరించండి. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం, 2017 ఉద్యోగంలో వివక్షను నిషేధించింది. చికిత్సలో పాల్గొనే వైద్యులు చికిత్సకు అవసరమైనంత మేరకే ఈ సమాచారాన్ని ఒకరికొకరు తెలుపుకోవచ్చు.

భయపడిన మనిషి చీటీ దాచుకుంటారు. ఆ భయం తగ్గించగలిగితే సరైన మోతాదుకు సగం దారి మీరు వేసినట్లే. ఉచిత సహాయానికి హెచ్.ఐ.వి. విషయంలో 1097, మానసిక ఆరోగ్యం విషయంలో టెలీ మానస్ 14416 నంబర్లు ఇవ్వండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కార్బమజెపైన్, రిటోనవిర్‌ల ప్రభావాల మధ్య తేడా ఏమిటి?
2. లిథియం వాడే కొలిమి కార్మికునికి వేసవిలో మీరు ఏ జాగ్రత్తలు చెబుతారు?