యంత్రపు గంట విలువ

గుండుగొలను చుట్టుపట్ల సార్వా, దాళ్వా కోతలు ముగిసిన దినాలలో ధాన్యానికి కొదువ ఉండదు. కొరత వచ్చేది మిల్లులోని యంత్రపు గంటలకు. ఉన్న గంటలను ఏ సరుకుకు కేటాయిస్తే లాభం హెచ్చుతుందన్నది వ్యయ గణన శాస్త్రం తేల్చవలసిన ప్రశ్న.

ఒక మిల్లును ఊహించుకొందాము. అంకెలు ఉదాహరణకు మాత్రమే. పాలిష్ యంత్రం నెలకు 200 గంటలు పనిచేస్తుంది. సాధారణ బియ్యం గంటకు 10 క్వింటాళ్లు వెళతాయి. సన్నబియ్యాన్ని రెండు మార్లు పట్టాలి గనుక 5 క్వింటాళ్లే. అమ్మకపు ధరకు తవుడు, నూకల రాబడిని కలిపి, ధాన్యం, గోనె, హమాలీ, కరెంటు వంటి చర వ్యయాలను తీసివేస్తే మిగిలేదానిని కాంట్రిబ్యూషన్ అంటారు. అది క్వింటాలుకు సాధారణ రకంపై 90 రూపాయలు, సన్నరకంపై 150 రూపాయలు అనుకొందాము. అద్దె, జీతాలు వంటి స్థిర వ్యయం నెలకు 1,20,000 రూపాయలు. సాధారణ బియ్యానికి గిరాకీ 1,200 క్వింటాళ్లకు మించదు. సన్నబియ్యం ఎంత పట్టినా అమ్ముడుపోతుంది.

యజమాని చూపు సహజంగానే 150 మీద పడుతుంది. గుమాస్తా లెక్క ఆ భ్రమను ఇంకా పెంచుతుంది. 1,600 క్వింటాళ్ల ఉత్పత్తిపై స్థిర వ్యయాన్ని పంచి, క్వింటాలుకు 75 చొప్పున తగ్గిస్తే సాధారణ రకంపై లాభం 15, సన్నరకంపై 75. అయిదు రెట్లు! అది చూచి 200 గంటలూ సన్నబియ్యమే పట్టితే 1,000 క్వింటాళ్లకు 1,50,000 వచ్చి, స్థిర వ్యయం పోను 30,000 మిగులుతుంది. ఆ 75 మాత్రం ఎక్కడా కనబడదు. క్వింటాళ్లు తగ్గగానే ఒక్కొక్కదానిపై పడే స్థిర వ్యయం 120 అయి కూర్చున్నది. పరీక్షలలో మన విద్యార్థులు జారిపడేదీ ఇక్కడే.

కొరత గంటలకు గనుక గంటతోనే కొలవాలి. సాధారణ రకం గంటకు 900, సన్నరకం 750. ముందుగా 120 గంటలలో 1,200 క్వింటాళ్ల సాధారణ బియ్యం, మిగిలిన 80 గంటలలో 400 క్వింటాళ్ల సన్నబియ్యం పట్టితే మొత్తం 1,68,000, లాభం 48,000. కొత్త యంత్రం కొనకుండానే 18,000 అదనం.

కరెంటు పోయి ఒక గంట వృథా అయితే నష్టం 750, 900 కాదు. కోతపడేది సన్నబియ్యానికే కదా. అదనపు గంట పనికి 750 కన్న తక్కువ అదనపు కూలి ఇచ్చినా లాభమే.

పాలిష్ యంత్రంతోపాటు ఆరబెట్టే యంత్రమూ చాలకపోతే ఈ సులభమైన లెక్క సరిపోదు. 1930ల చివర లెనిన్‌గ్రాడ్ ప్లైవుడ్ సంస్థ తన యంత్రాల మధ్య పనిని పంచడానికి గణితవేత్త కాంటరోవిచ్‌ను ఆశ్రయించింది. 1939లో ఆయన ప్రకటించిన పద్ధతి లీనియర్ ప్రోగ్రామింగ్‌కు పునాది అయింది. 1975లో ఆయనకు కూప్‌మన్స్‌తో కలిపి అర్థశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అమెరికాలో డాంట్జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతిని రూపొందించాడు.

మన మిల్లులకు మరొక చిక్కు, ప్రభుత్వ కస్టమ్ మిల్లింగ్. క్వింటాలు ధాన్యానికి పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు గడువులోగా అప్పగించాలి. ఆ గంటలను బేరంలోకి తేకుండా ముందే తీసివేయాలి. దానికి 90 గంటలు పోతే మిగిలేది 110. అప్పుడు సన్నబియ్యానికి ఒక్క గంటయినా దక్కదు. పోయిన ప్రతి గంట ఖరీదూ 900 అవుతుంది.