వేసవిలో సముద్రపు వేట

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల బాలబాలికలకు చెరువనగా నేమో తెలియును. సరూర్‌నగర్ చెరువు వారి యిండ్లకు చేరువనే యున్నది. కాని సముద్రము వారికి దూరపు చుట్టము. హైదరాబాదు సముద్రమట్టమునకు ఐదువందల మీటర్లకు పైబడిన ఎత్తున నున్న నగరము. ఇచ్చటినుండి మచిలీపట్నము చేరవలెనన్న రమారమి 340 కిలోమీటర్లు పయనింపవలెను. వేసవి సెలవులు రాగానే సాయంకాలవేళ ఎల్.బి.నగర్ కూడలియొద్ద విజయవాడ మార్గమున పోవు బస్సులకై మూటలతో, పిల్లలతో నిలిచియుండు కుటుంబములను మీరు చూచియే యుందురు. వారిలో కొందరు సూర్యలంకకో, మంగినపూడికో, విశాఖపట్టణమునకో పోయి సముద్రస్నానము చేసి వత్తురు.

అట్లు మే నెలలో తీరమునకు పోయి, చేపల రేవు చూచిన పిల్లలకు ఒక వింత కనబడును. మరపడవలు వరుసగా కట్టివేయబడి యుండును. కళాసీలు ఒడ్డున కూర్చుండి చినిగిన వలలు బాగుచేసికొనుచుందురు. కడలి యెదుటనే యున్నది, పడవ యున్నది, వల యున్నది, కాని వేట లేదు. ఇదే వేసవిలో మరియొక దేశమున వినోదమునకై జనులు గుంపులుగా పడవలెక్కి సముద్రపు వేటకు పోవుచుందురు. ఈ రెండు విషయములను గూర్చియు తెలిసికొందము.

అమెరికా తూర్పు, పడమటి తీరములలో 'పార్టీ బోటు' అను పడవలు కలవు. ఇచట పార్టీ యనగా విందు కాదు, జనసమూహము. తలకింత యని రుసుము చెల్లించి ఎవరైనను ఎక్కవచ్చును. అందుచేతనే దానికి 'హెడ్ బోటు' అను పేరు కూడ వచ్చినది. ఒక్కొక్క పడవలో పలువురు పట్టుదురు. సొంత పడవ లేనివాడును, గాలము లేనివాడును పోవచ్చును. గాలపుకర్రను అద్దెకిత్తురు, ఎర నిత్తురు. పడవ సరంగు చేపలుండు చోటు నెరిగి అచట పడవను నిలుపును. అందరును పడవ అంచున వరుసగా నిలిచి గాలములు వేయుదురు. సహాయకులు చిక్కుపడిన దారములు విడదీసి, పడిన చేపను పైకి లాగుటకు తోడ్పడుదురు. న్యూజెర్సీ రాష్ట్రమున తెలుగు కుటుంబములు పెక్కు కలవు. ఆ రాష్ట్రములోని బెల్‌మార్, పాయింట్ ప్లెజెంట్ రేవులనుండి ఇట్టి పడవలు బయలుదేరును.

అయితే ఈ వినోదమునకు కట్టుబాట్లున్నవి. నిర్ణీతమైన కొలతకంటె చిన్నదైన చేప పడినచో దానిని తిరిగి నీటిలో విడువవలెను. ఒక్కొక్కడు ఇన్ని చేపలనే తీసికొనవలెనను పరిమితి పెక్కు జాతుల విషయమున కలదు. మనుష్యుల రక్షణకును నియమములు కలవు. ఆ నియమములు ఊరక రాలేదు. ప్రాణములు మూల్యముగా నిచ్చి తెచ్చుకొన్నవి.

1951వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ శనివారము. న్యూయార్కు నగరమునుండి వేటగాండ్రకై ప్రత్యేకముగా నడుపు రైలులో జనులు మాంటాక్ రేవునకు వచ్చిరి. రైలు దిగినవారు దిగినట్లే పడవలకడకు పరుగెత్తిరి. 'పెలికన్' అను పడవ మీద సరంగుతో కలిపి 64 మంది యెక్కిరి. అది మోయదగిన బరువుకంటె ఎంతయో అధికము. తిరిగి వచ్చునపుడు గాలి మారినది, అలలు లేచినవి, రెండు మరలలో నొకటి చెడినది. మాంటాక్ దీపస్తంభమునకు చేరువలో పడవ ఒరిగి తలక్రిందులైనది. 45 మంది మరణించిరి. సరంగును వారిలో నొకడు. ఒడ్డు కనుచూపు మేరలోనే యున్నది.

అంతమందిని ఏల ఎక్కించుకొనిరి? 'మరి నలుగురేగదా' యని ఎక్కించువాడు తలచెను. 'నేనొక్కడనే గదా' యని ఎక్కువాడు తలచెను. ఇందరు 'ఒక్కరు' చేరి పడవను ముంచిరి. ఆ విపత్తు తరువాత 1956లో ఆరుగురికి మించి ప్రయాణికులను ఎక్కించుకొను పడవలను ప్రభుత్వము పరీక్షింపవలెనని అమెరికాలో చట్టము వచ్చినది.

ఇక మన తీరమునకు వత్తము. మన జాలరులకు వేట వినోదము కాదు, బ్రతుకుతెరువు. అయినను తూర్పుతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవలతో వేటాడుట నిషిద్ధము. 2015కు పూర్వము ఈ గడువు ఇంతకంటె తక్కువగా నుండెడిది. పడమటి తీరమున జూన్ 1 మొదలు జూలై 31 వరకు ఈ నిషేధ ముండును. ఒడ్డునుండి 12 నాటికల్ మైళ్ళ వరకు, అనగా రమారమి 22 కిలోమీటర్ల వరకు, రాష్ట్రప్రభుత్వమును, ఆపైన 200 నాటికల్ మైళ్ళ వరకు కేంద్రప్రభుత్వమును ఆజ్ఞలు జారీచేయును. మరలేని తెప్పలకును, నాటుపడవలకును మినహాయింపు కలదు.

ఈ కట్టుబాటునకు కారణమేమి? ఈ దినములలో మన సముద్రమందలి పెక్కు జాతుల చేపలును రొయ్యలును గ్రుడ్లు పెట్టును. జాతినిబట్టి ఒక్క తల్లిచేప వేలకొలది, లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. వానిలో బ్రతికి పెద్దవగునవి కొలదియే. మరపడవ లాగు పెద్దవల సముద్రపు అడుగును ఊడ్చుకొని పోవును; తల్లిని పిల్లను వేరుచేయదు. విత్తనపు గింజలను వండుకొని తినిన రైతునకు మరుసటి యేడు పంట యుండునా? ఇదియు నట్లే.

కాని రెండు నెలలు పొయ్యి వెలుగుట యెట్లు? ఇది గొప్ప ప్రశ్న. సముద్రము విశ్రమించినను ఆకలి విశ్రమింపదు. అందుచే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జాలరుల కుటుంబములకు భృతి యిచ్చుచున్నది. 2019 మొదలు అది 10,000 రూపాయలు. 2025లో 20,000 రూపాయలైనది. మనము జూలైలో వంజరము, చందువ, రొయ్య కొనునపుడు వాని వెనుక ఒక జాలరి కుటుంబపు 61 దినముల ఓర్పు కలదని మరువరాదు.

మన అంగడికిని ఈ లెక్కతో సంబంధము కలదు. ఏప్రిల్ నడుమనుండి మే చివరివరకు తూర్పున వేట ఆగినను పడమట సాగుచుండును. జూన్ మొదటి పదునాలుగు దినములు రెండు తీరములందును మరపడవలు నిలిచియుండును. జూన్ 15న తూర్పుతీరము తెరచుకొనును. దిల్‌సుఖ్‌నగర్ అంగడికి పోయినపుడు ఏ నెలలో ఏ చేప యెంత ధర పలుకుచున్నదో వ్రాసికొని చూడుడు. ఈ పాఠము మీకే బోధపడును.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నుండగా ఒకమారు విద్యార్థులను తీరమునకు తీసికొనిపోయితిని. పిల్లలందరును ఒకేసారి పడవ యెక్కుదుమని పట్టుబట్టిరి. నేనును వారి పక్షమున సరంగును అడిగితిని. ఆతడు సగము మందినే ఎక్కించుకొని, రక్షణకవచములు తొడిగించి, "పంతులుగారూ, మీరు చెబితే నేను వింటానండి. సముద్రం వినదండి" అనెను. పిల్లలు మూతి ముడిచిరి. నేను సిగ్గుపడితిని. రెండు మారులుగా అందరును క్షేమముగా పోయి వచ్చితిమి.

బాలబాలికలారా! మీరు పెరిగి పెద్దవారై ఏ తీరమున ఏ పడవ యెక్కినను మొదట అందలి తలలు లెక్కపెట్టుడు. రక్షణకవచము తొడిగికొనుడు. ఎక్కువమంది యున్నచో సిగ్గుపడక దిగిపొండు. సముద్రమునుండి తీసికొనునపుడు రేపటికి కొంత మిగుల్చుడు. కడలి మనకిచ్చుటకు వెనుదీయదు. హద్దెరిగి తీసికొనుట మన వంతు.