జాడీ అడుగున ముద్ర: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో పాత సామాన్ల అంగడికి వెళ్ళినవాళ్ళు పింగాణీ జాడీ చేతికి రాగానే బోర్లించి చూస్తారు. మంచి అలవాటే. చిక్కల్లా, అడుగున కనబడిన అక్షరాలనే తుది తీర్పుగా తీసుకోవడంతో వస్తుంది. అక్కడి ఆర్ట్ పాటరీ కార్ఖానాల్లో ఒక్కోదానిది ఒక్కో లెక్క.

అపోహ: అడుగున నాలుగంకెలుంటే అది తయారైన సంవత్సరం.

వాస్తవం: చాలాసార్లు అది ఆకార సంఖ్య. మరియా లాంగ్‌వర్త్ నికల్స్ 1880లో సిన్సినాటిలో పెట్టిన రుక్‌వుడ్ కార్ఖానా సంగతే చూడండి. 1886లో తిరగేసిన ‘ఆర్’ను ‘పి’కి అతికించి ముద్ర చేసుకున్నారు. మరుసటి ఏడు దాని చుట్టూ ఒక మంట గీత చేర్చారు. అలా ఏడాదికొకటి చొప్పున 1900 నాటికి మంటలు పద్నాలుగయ్యాయి. 1901 నుంచి ముద్ర కింద రోమన్ అంకె వేశారు. పద్నాలుగు మంటలు, కింద రోమన్ ఆరు ఉంటే ఆ జాడీ 1906 నాటిది. పక్కనున్న అంకెలు ఆకారానివి. వాటి వెంట వచ్చే ‘ఎ’, ‘బి’, ‘సి’ లాంటి అక్షరం సైజును చెబుతుంది, ‘ఎ’ అన్నిటికన్నా పెద్దది. దాన్ని చిత్రకారుడి పేరనుకునేవాళ్ళు ఎందరో! చిత్రకారుడి పొడి అక్షరాలు విడిగా, చేత్తో గీసినట్టు ఉంటాయి. 1887లో అక్కడ చేరిన కటారో షిరయమదాని తన పేరును జపాను లిపిలోనే చెక్కాడు. అడుగున సానరాయితో గీసిన ‘ఎక్స్’ గుర్తు కనబడితే నకిలీ అని భయపడనక్కర్లేదు. ఏదో లోపం వల్ల రెండో రకంగా తీసేశారని దానర్థం. ఆ లోపం ఒక్కోసారి కంటికి ఆనదు కూడా.

అపోహ: పొడి అక్షరాలు ఎవరివైతే జాడీ చేసింది వారే.

వాస్తవం: న్యూ ఆర్లీన్స్‌లోని న్యూకోంబ్ మహిళా కళాశాలలో సారె మీద జాడీని లేపింది ఎక్కువగా జోసెఫ్ మేయర్. బొమ్మలు వేసింది సేడీ అర్విన్ వంటి మహిళలు. ‘సి’లో ఇమిడిన ‘ఎన్’ కళాశాలది, కలిపి రాసిన ‘జె ఎం’ మేయర్‌ది. చిత్రకారిణి గుర్తు వేరేగా వెతకాలి.

కొలరాడోలోని వాన్ బ్రిగిల్ కార్ఖానాది ఇంకో తీరు. దాని జంట ‘ఎ’ల ముద్రలో ఆర్టస్, అతని భార్య ఆన్ ఇద్దరూ ఉన్నారు. ఆర్టస్ 1904లోనే పోయాడు, కార్ఖానా మాత్రం 2012 దాకా నడిచింది. ఆ ముద్ర చూసి ఆయన చేతి పని అనుకుంటే డబ్బు దండగ.

అపోహ: సంతకం అసలుదైతే జాడీ అంతా అసలుదే.

వాస్తవం: మిసిసిపీలోని బిలాక్సీలో జార్జ్ ఓర్ అనే విలక్షణమైన కుమ్మరి ఉండేవాడు. ఆయన గ్లేజు వేయకుండా కాల్చి వదిలేసిన పాత్రలు చాలా మిగిలాయి. వాటిలో కొన్నిటికి తర్వాతివాళ్ళు కొత్తగా గ్లేజు పూసి కాల్చి, ఎక్కువ ధరకు అమ్మారు. మన్ను ఓర్‌ది, సంతకం ఓర్‌ది, రంగు మాత్రం పరాయిది. ఇంతకన్నా పెద్ద అన్యాయం ఒక కళాకారుడికి ఇంకేముంటుంది? ఇక్కడ పనికొచ్చేది గ్లేజును ఎరిగిన కన్నే, ముద్ర కాదు.

అపోహ: పేరుంటే అసలు, లేకపోతే ఊరూపేరూ లేని సరుకు.

వాస్తవం: రెండూ తప్పే. ఒహాయో రాష్ట్రం జేన్స్‌విల్‌లోని రోజ్‌విల్ కార్ఖానా పేరుతో 1990లలో చైనా నుంచి నకిలీలు వెల్లువెత్తాయి. 1930ల చివరి నుంచి అసలు జాడీల మీద ‘రోజ్‌విల్ యు.ఎస్.ఎ.’ అని ఉబ్బెత్తుగా ఉంటుంది. నకిలీల్లో చాలావాటికి ఆ ‘యు.ఎస్.ఎ.’ లేదు. పువ్వుల అంచులు మొద్దుబారి, రంగులు వెలవెలబోతూ ఉంటాయి. మరోపక్క, 1920, 30లలో అదే కార్ఖానా ఎన్నో జాడీలకు కాగితపు చీటీ, రేకు చీటీ మాత్రమే అంటించి పంపింది. అవి ఊడిపోయాక అడుగున ఏమీ మిగల్లేదు. కొన్నిటికి ఎర్ర క్రేయాన్‌తో రాసిన ఆకార సంఖ్య ఒక్కటే ఆధారం.

అందుకే, మీకు అలాంటి జాడీ దొరికితే అడుగుభాగాన్ని సబ్బుతో రుద్ది కడగకండి. చీటీ అయినా, క్రేయాన్ రాత అయినా ఒకసారి పోతే మళ్ళీ రాదు.