పాయింట్లు ఉన్నయంటే రూము ఉన్నట్టు కాదు

పట్నంల మాల్ కాడనో, పెట్రోల్ బంకు కాడనో కూపన్ నింపించుకుంటరు. నాల్గొద్దులకు ఫోనొస్తది: మీకు గిఫ్టు తగిలింది, ఆలుమగలు ఇద్దరు కలిసి హోటల్‌కు రావాలె. ఆడ గంటల కొద్ది కూసోబెట్టి, గోవా, ఊటీ బొమ్మలు చూపెట్టి, ఇయ్యాల సంతకం పెడితేనే డిస్కౌంట్ అంటరు. ఊర్లకెళ్లి పోయి కొత్తగ నౌకరి పట్టిన పిల్లలు ఈఎంఐ మీద తీస్కుంటున్నరు. ఎనుకశీరి కాయితాలు వట్టుకొని నా తానికొస్తున్నరు.

దీన్ని టైమ్‌షేర్ అంటరు. పాత పద్ధతిల ఏడాదికో వారం, ఫలానా సీజన్, ఫలానా సైజు రూము అని రాసేది. ఇప్పుడు చానా వరకు పాయింట్లు. ఏటా నీ ఖాతాల పడ్తయి, రూము బుక్ చేస్తే కోసుకుంటరు. కిరికిరి ఏందంటే, ఏ రాత్రికి ఎన్ని పాయింట్లు అనే పట్టిక కంపెనీ చేతుల ఉంటది. ఉత్త లెక్కకు చెప్త: నీకు ఏడాదికి 700 పాయింట్లు, మామూలు రోజుల రాత్రికి 100. ఏడు రాత్రులు వస్తయి. అదే సంక్రాంతి సెలవులల్ల 175 అయితే నాలుగే. రేపు పట్టిక మార్చి మామూలు రాత్రినే 140 చేసిండ్రనుకో, ఏడు కాస్త ఐదయితయి. నీ పాయింట్లు ఒక్కటి తగ్గలే, సెలవు తగ్గింది! పట్టిక మార్చే అధికారం ఎవరిదని రాసిండ్రో ముందు దేవులాడుండ్రి.

ఇగ రెండోది, అసలుది. 'సబ్జెక్ట్ టు అవైలబిలిటీ' అని ఒక మాట ఉంటది. ఖాళీ ఉంటేనే ఇస్తం అని. అంటే మీరు కొన్నది రూము కాదు, రూము అడిగే హక్కు. కాలువ చివరి పొలపోళ్లకు ఇది జల్ది సమజైతది. ఆయకట్టు కాయితంల పేరుంటది, పైనోళ్లు ఇడిస్తేనే నీళ్లు. ఈడ పైనోళ్లంటే ఎక్కువ పైసలు కట్టి పెద్ద రకం మెంబర్‌షిప్ తీస్కున్నోళ్లు. కొన్ని స్కీములల్ల వాళ్లకు బుకింగ్ మనకంటె ముందుగాల తెరుస్తరు. ఎన్ని నెలల ముందు మనకు తెరుస్తరో, రద్దు చేస్తే పాయింట్లు వాపస్ వస్తయో, వాడకపోతే ఎన్నేండ్లకు మురుగుతయో, అన్నీ అండ్లనే ఉంటయి. చిన్న అక్షరాలల్ల.

పోకున్నా ఏటా మెయింటెనెన్స్ కట్టాలె, అది పెరుగుతది. బాకీ ఉంటే బుకింగ్ ఆపుతరు. పాతికేండ్ల ఒప్పందమైతే పాతికేండ్లు ఇదే కథ. సేల్స్ పిలగాడు నోటితోని "ఎప్పుడంటే అప్పుడు పోవచ్చు సార్" అన్నది లెక్కకు రాదు, కాయితంల లేకపోతే. మెయిల్ల రాసియ్యమనుండ్రి. రాయనన్నడంటే జవాబు దొరికినట్టే.

సంతకం అయిపోయిందా? రద్దుకు ఎన్ని రోజులు ఇచ్చిండ్రో ఆ రాత్రే చూడుండ్రి, గడువుల రాతపూర్వకంగ పంపుండ్రి. గడువు దాటితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉన్నది. కంపెనీ ఆఫీసు ముంబైల ఉన్నా, మీరుండే జిల్లా కమిషన్లనే కేసు వెయ్యొచ్చు. కట్టిన పైసలు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. షరతే అన్యాయం, కొట్టెయ్యమని అడగాలంటే రాష్ట్ర కమిషన్‌కు పోవాలె. రెండేండ్ల గడువు మర్వొద్దు. ముందుగాల 1915కు ఫోన్ కొట్టి ఫిర్యాదు రాయించుండ్రి. బుకింగ్ దొరకలేదని యాప్ చూపెట్టిన ప్రతిసారి స్క్రీన్‌షాట్ తీసి, తారీఖుతోని దాసిపెట్టుండ్రి.