మాస్కు పెట్టుకుని... ఆకాశం వైపు!

రెండేళ్లకోసారి బెంగళూరు యలహంక వైమానిక స్థావరంలో జరిగే ‘ఏరో ఇండియా’ అంటే నాలాంటి ఫొటో పిచ్చోళ్లకి జాతరే. 2021లో ఆ జాతరకి కరోనా కళ్లెం వేసింది. ఐదు రోజుల ప్రదర్శనని ఫిబ్రవరి 3 నుంచి 5 వరకు, మూడు రోజులకే కుదించారు. లోపలికెళ్లాలంటే పాసు ఒక్కటీ చాలదు, ఆర్టీపీసీఆర్ నెగెటివ్ రిపోర్టూ ఉండాలి.

‘ఈ రోజుల్లో విమానాల ఫొటోల కోసం అంత దూరం పోవాలా?’ అంది అమ్మ. ఆ మాటలో న్యాయముంది. నాన్నకి డెబ్బై దాటాయి, షుగరుంది. టీకాలు అప్పుడప్పుడే మొదలయ్యాయి, ఆయన వంతు ఇంకా రాలేదు. చివరికి ఓ ఒప్పందానికొచ్చాం. హైదరాబాద్ నుంచి సొంత కారులోనే వెళ్లాలి. తిండి ఇంటి నుంచే పట్టుకెళ్లాలి. తిరిగొచ్చాక వారం రోజులు మేడ మీద గదిలోనే ఉండాలి.

మాస్కుతో ఫొటోలు తీయడం మాటలు కాదండీ. ఊపిరి పైకి తన్ని వ్యూఫైండర్ మీద ఆవిరి పట్టేస్తుంది. ముక్కు మీద మాస్కు అంచుకి బ్యాండేజీ టేపు అంటిస్తే కాస్త నయం. ‘బ్రదర్, ఓసారి నీ లెన్సు ఇవ్వవా’ అనే పలకరింపులూ బంద్.

ఆకాశంలో మాత్రం పండగే. అమెరికా బాంబర్ బి-1బి మన తేజస్‌తో కలిసి వెళ్లింది. సూర్యకిరణ్ జెట్లు, సారంగ్ హెలికాప్టర్లు తొలిసారి కలిసి విన్యాసాలు చేశాయి. కెమెరా పట్టినోళ్లకి అక్కడే చిక్కు. జెట్‌కి షట్టర్ స్పీడు 1/1600 పెడితే బొమ్మ చక్కగా వస్తుంది. హెలికాప్టర్‌కి అదే పెడితే రెక్కలు ఆగిపోయి బొమ్మలా కనిపిస్తుంది. నేను 1/250 దగ్గర పెట్టి, జెట్‌తో పాటు కెమెరా తిప్పుకుంటూ పోయాను. ఇరవై తీస్తే రెండు దక్కాయి.

సూర్యకిరణ్‌ని చూస్తుంటే గొంతు పట్టేసింది. 2019లో ఇక్కడే రిహార్సల్‌లో రెండు హాక్ విమానాలు ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ చనిపోయారు. మళ్లీ అదే ఆకాశంలో, రెక్కకి రెక్క దగ్గరగా ఎగురుతున్నారు. అంత క్రమశిక్షణ చూశాక, కింద నిలబడ్డ మనకి మాస్కు బరువా అనిపించింది.

మేడ గదిలో ఫొటోలు చూసుకుంటుంటే ఓ వెలితి కనిపించింది. ఏ ఫ్రేములోనూ తల అడ్డం లేదు. భుజాలెక్కిన పిల్లల్లేరు, ఈలల్లేవు. ఇన్నేళ్లూ జనం అడ్డమని విసుక్కునేవాణ్ని. ఎయిర్ షోకి వాళ్లే సగం అందమని అప్పుడర్థమైంది. వారం గడిచింది, ఎవరికీ ఏమీ కాలేదు. మెట్లు దిగొచ్చి నాన్నకి ఫొటోలు చూపించాను.

2022 మార్చిలో బేగంపేటలో ‘వింగ్స్ ఇండియా’ జరిగింది. టీకాలు వేయించుకున్న నాన్ననీ వెంట తీసుకెళ్లాను. సారంగ్ ఎగురుతుంటే నా ముందు ఓ బుడతడు తండ్రి భుజాలెక్కి చెయ్యి చాపాడు. హెలికాప్టర్ సగం ఆ చేతి వెనకే ఉండిపోయింది. ఆ ఫొటోనే ఫ్రేము కట్టించాను.