చూసేది కళ్లా, మనసా?

శ్రీకాళహస్తి స్థలపురాణంలో పాము, ఏనుగు ఒకే లింగాన్ని కొలిచేవి. పాము మణులు తెచ్చి పెట్టేది. ఏనుగు వచ్చి, ఈ రాళ్లేమిటని వాటిని తోసేసి, తొండంతో నీళ్లు పోసి ఆకులూ పూలూ పెట్టేది. తెల్లారి పాముకు ఆ పత్రి చెత్తలా కనబడేది. ఒకరి పూజ ఇంకొకరికి అపచారం! చివరికి పోట్లాడుకుని రెండూ ప్రాణాలు వదిలాయి. మనం చూసేది ఎదుట ఉన్నదాన్నా, మన అలవాటునా అని ఇంత సూటిగా అడిగే కథ అరుదు.

జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా అడిగిందీ ఇదే. ఆయన 1895 మేలో మదనపల్లెలో పుట్టారు. అప్పటికి అది కడప జిల్లా. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. బడి పంతుళ్లు ఆయన్ను మందమతి అనుకున్నారు. దివ్యజ్ఞాన సమాజం అనే ఆధ్యాత్మిక సంస్థ మాత్రం జగద్గురువు అవుతాడని పెంచింది. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, వేలమంది ఎదుట, తనకోసం కట్టిన సంఘాన్నే ఆయన రద్దు చేసేశారు. అంత తెగువ ఎందరికి ఉంటుంది?

ఆలోచన అంటే జ్ఞాపకం ఇచ్చే జవాబు అన్నది ఆయన మాటల్లో నన్ను వదలనిది. చెట్టును చూస్తాం, ‘చింతచెట్టే కదా’ అనుకుంటాం, చూపు అక్కడే ఆగిపోతుంది. ఆకుల కదలికా, కొమ్మ మీది ఎండా మన దాకా రావు. పేరు ఒక్కటే మిగులుతుంది. ఇలాంటి ప్రశ్నల మీదే భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ 1980లో ఆయనతో జరిపిన చర్చలు పుస్తకంగా వచ్చాయి.

మదనపల్లె దగ్గర ఆయన స్థాపించిన రిషివ్యాలీ బడిలో పిల్లలు పొద్దు గుంకే వేళ కొండలకేసి చూస్తూ మౌనంగా కూర్చుంటారు. దాన్ని ‘అస్తాచల్’ అంటారు.

ఇదే ప్రశ్నతో, కృష్ణమూర్తి కంటే ముందే, 18వ శతాబ్దంలో, వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టిన వెంగమాంబ ఉన్నారు. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్నా ఊరి ఆంక్షలకు లొంగలేదు. ‘వాసిష్ఠ రామాయణం’ పేరుతో యోగవాసిష్ఠాన్ని ద్విపదలో తెలుగు చేశారు. కనబడే లోకమంతా మనసు అల్లుకున్నదేనా అన్నది ఆ గ్రంథం పొడుగునా సాగే విచారణ. తిరుమల అన్నప్రసాద భవనానికి పెట్టింది ఆమె పేరే. ఈసారి అక్కడ భోంచేసి వచ్చాక, ఆమె పుస్తకం ఒకటి వెతికి చదవండి.