ఎండ్యూరెన్స్ (నౌక)

ఎండ్యూరెన్స్ నార్వే దేశంలో నిర్మించబడిన, మూడు తెరచాప స్తంభాలు గల కొయ్య ఓడ. సర్ ఎర్నెస్ట్ షాకిల్టన్ నాయకత్వంలో 1914లో ఇంగ్లాండు నుండి బయలుదేరిన ఇంపీరియల్ ట్రాన్స్-అంటార్కిటిక్ యాత్రకు ఇది ప్రధాన నౌక. 1915 జనవరిలో ఈ ఓడ వెడ్డెల్ సముద్రపు మంచులో చిక్కుకున్నది. పది నెలల పాటు ఆ మంచుతోపాటే కొట్టుకుపోయి, ఒత్తిడికి నలిగి, 1915 నవంబరు 21న మునిగిపోయింది. ఓడపై ఉన్న 28 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. 2022 మార్చి 5న దీని శిథిలాలను 3,008 మీటర్ల లోతున కనుగొన్నారు.

ఆ కాలపు కొయ్య ఓడలలో ఎండ్యూరెన్స్ అత్యంత దృఢమైనదనీ, ఎంతటి ఓడైనా తట్టుకోలేని మంచు ఎదురుకావడం వల్లనే మునిగిపోయిందనీ చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. ఈ అభిప్రాయం పూర్తిగా సరైనది కాదు. ఓడ బలమైనదే, కాని అది వేరొక పని కోసం కట్టిన ఓడ.

నిర్మాణం

నార్వేలోని సాండెఫ్యోర్డ్ పట్టణంలో ఫ్రామ్నెస్ నౌకానిర్మాణ కేంద్రంలో ఈ ఓడను కట్టారు. 1912 డిసెంబరు 17న పోలారిస్ అనే పేరుతో దీనిని నీటిలోకి దించారు. పొడవు 44 మీటర్లు, వెడల్పు 7.6 మీటర్లు, పరిమాణం 348 టన్నులు. తెరచాపలతో పాటు బొగ్గుతో నడిచే 350 అశ్వసామర్థ్యపు ఆవిరి యంత్రం కూడా ఉండేది. ఓక్, నార్వే ఫర్ కలపతో చేసిన ఓడ దేహానికి పైన గ్రీన్‌హార్ట్ అనే మిక్కిలి గట్టి కలప తొడుగు వేశారు.

ఓడ యజమానులు ఇద్దరు. ఒకరు నార్వేకు చెందిన లార్స్ క్రిస్టెన్సెన్. రెండవ వ్యక్తి బెల్జియం అన్వేషకుడు అద్రియన్ దె జెర్లాష్. ధనికులైన యాత్రికులను ఉత్తర ధ్రువ ప్రాంతానికి తీసుకువెళ్ళి ధ్రువపు ఎలుగుబంట్లను వేటాడించడం వీరి ఉద్దేశం. ఆ వ్యాపారం సాగకపోవడంతో ఓడను షాకిల్టన్‌కు అమ్మివేశారు. షాకిల్టన్ వంశపు ఆదర్శవాక్యానికి "సహనంతో జయిస్తాము" అని అర్థం. దానిని అనుసరించి అతడు ఓడకు ఎండ్యూరెన్స్ (సహనం) అని పేరు మార్చాడు.

దె జెర్లాష్‌కు మంచులో చిక్కుకోవడమంటే ఏమిటో స్వయంగా తెలుసు. అతని బెల్జికా నౌక 1898 మార్చి నుండి 1899 మార్చి వరకు అంటార్కిటికా మంచులో బందీగా ఉండిపోయింది. ఆ ప్రాంతంలో శీతాకాలం గడిపిన మొదటి ఓడ అదే. కాని పోలారిస్ అలా బందీ కావడానికి ఉద్దేశించిన ఓడ కాదు. వేసవిలో మంచు అంచుల వెంబడి తిరిగి, శీతాకాలం రాకముందే వెనుదిరగవలసిన ఓడ.

మంచు ఓడను ఎలా పట్టుకుంటుంది

ధ్రువ సముద్రాలలో రెండు రకాల మంచు కనిపిస్తుంది. నేలమీద ఏర్పడిన హిమానీనదాల నుండి విరిగి నీటిలో పడినవి మంచుకొండలు. 1912లో టైటానిక్ గుద్దుకున్నది అటువంటి దానినే. రెండవది సముద్రపు నీరే గడ్డకట్టగా ఏర్పడే మంచు. ఉప్పు కారణంగా సముద్రపు నీరు సున్నా వద్ద కాక సుమారు -1.8 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. ఇది పలకలుగా తేలుతూ, గాలితోను ప్రవాహంతోను నిరంతరం కదులుతూ ఉంటుంది. అన్వేషణ నౌకలను బంధించేది ముఖ్యంగా ఈ తేలుడు మంచే.

ఓడ చుట్టూ నీరు గడ్డకట్టి బిగిసిపోవడమే ప్రమాదమని సాధారణంగా అనుకుంటారు. నిజానికి గాలి ఎక్కువ ప్రమాదకరం. పలకల మధ్య నీటి పాయలున్నంత వరకు ఓడ వాటి వెంబడి దారి వెదుక్కుంటూ పోగలదు. గాలి తీరం వైపుకు వీచినపుడు పలకలన్నీ ఒకదానినొకటి ఒరుసుకొని పాయలు మూసుకుపోతాయి. ఆ తరువాత చలి పెరిగితే పలకలు అతుక్కొని ఒకే ముద్ద అవుతాయి. ఇక అక్కడి నుండి ఓడకు సొంత గమనం లేదు. మంచు ఎటు పోతే అటే పోవాలి.

నిశ్చలంగా ఉన్న మంచు ఓడకు పెద్దగా హాని చేయదు. కాని వందల కిలోమీటర్ల మేర వ్యాపించిన మంచుపై వీచే గాలి బలమంతా ఒకచోట కేంద్రీకృతమైనపుడు పలకలు విరిగి, ఒకదానిపైకి మరొకటి ఎక్కి, గట్లుగా పేరుకుపోతాయి. ఆ గట్టు లేచేచోట ఓడ ఉంటే దాని పక్కలపై విపరీతమైన ఒత్తిడి పడుతుంది. వెడ్డెల్ సముద్రం ఇందుకు పేరుపొందినది. ఇక్కడి ప్రవాహం సవ్యదిశలో తిరుగుతూ, పడమటి వైపు గోడలా నిలిచిన అంటార్కిటికా ద్వీపకల్పం మీదికి మంచును నెడుతుంది. స్వీడన్ యాత్రకు చెందిన అంటార్కిటిక్ అనే నౌక ఈ సముద్రపు వాయవ్య ప్రాంతంలో మంచుకు నలిగి 1903 ఫిబ్రవరిలో మునిగిపోయింది. జర్మనీకి చెందిన ఫిల్ష్‌నర్ నౌక డాయిచ్‌లాండ్ 1912లో ఇదే సముద్రంలో ఎనిమిది నెలలు చిక్కుకొని, అదృష్టవశాత్తు క్షేమంగా బయటపడింది.

ప్రయాణము, బంధనము

ఎండ్యూరెన్స్ 1914 డిసెంబరు 5న దక్షిణ జార్జియా ద్వీపం నుండి బయలుదేరింది. అంటార్కిటికా ఖండాన్ని ఒక తీరం నుండి మరొక తీరానికి నేలమార్గాన దాటడం షాకిల్టన్ లక్ష్యం. ఆ సంవత్సరం మంచు ఉత్తరంగా చాలా దూరం వరకు వ్యాపించి ఉన్నదని దక్షిణ జార్జియాలోని తిమింగలాల వేటగాళ్ళు అతడిని హెచ్చరించారు. దిగవలసిన వాసెల్ అఖాతం సుమారు ఒక రోజు ప్రయాణ దూరంలో ఉండగా, ఈశాన్యపు గాలి మంచునంతటినీ తీరం వైపుకు తోసివేసింది. 1915 జనవరి 19 నాటికి ఓడ కదలలేని స్థితిలో పడినది.

ఫిబ్రవరి మధ్యలో ఎదురుగా కొన్ని వందల గజాల దూరంలో ఒక నీటి పాయ తెరుచుకున్నది. సిబ్బంది రంపాలతో, గునపాలతో రెండు రోజులు మంచును కోశారు. కోసినచోట నీరు వెంటనే గడ్డకట్టడంతో ప్రయత్నం మానుకున్నారు. అప్పటి నుండి ఓడ ఒక శీతాకాలపు విడిదిగా మారింది. కుక్కలను మంచుమీద కట్టిన చిన్న గూళ్ళలోకి మార్చారు. సీలు, పెంగ్విన్ మాంసం తినడం మొదలుపెట్టారు. తాజా మాంసం వలన స్కర్వీ వ్యాధి సోకకుండా ఉంటుందని బెల్జికా అనుభవం అప్పటికే తెలిపింది. మే నుండి జూలై చివరివరకు సూర్యుడు కనిపించలేదు. ఆ కాలమంతా ఓడ మంచుతోపాటు ఉత్తరంగా కొట్టుకుపోతూనే ఉన్నది.

మునక

ఆగస్టు ప్రారంభం నుండి ఒత్తిడి ఓడను తాకడం మొదలైంది. అక్టోబరు 24న వచ్చిన ఒత్తిడికి ఓడ వెనుక స్తంభం మెలిదిరిగి, పలకలు విడి నీరు లోనికి ప్రవేశించింది. పంపులతో నీరు తోడుతూ మూడు రోజులు పోరాడిన తరువాత, అక్టోబరు 27న ఓడను విడిచిపెట్టవలసిందిగా షాకిల్టన్ ఆజ్ఞాపించాడు. ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. ఓడ నలిగిన వెంటనే మునగలేదు. పట్టి నలిపిన మంచే దానిని మరో మూడున్నర వారాలు పైకి ఎత్తి ఉంచింది. ఈ వ్యవధిలోనే సిబ్బంది ఆహారపు పెట్టెలను, కలపను వెలికి తీయగలిగారు. ఛాయాగ్రాహకుడు ఫ్రాంక్ హర్లీ నీటిలో మునిగిన గదిలోనికి దిగి తన గాజు ఫలకాలను రక్షించుకున్నాడు. అన్నిటినీ మోసుకుపోవడం సాధ్యం కానందున, సుమారు 120 ఫలకాలను ఉంచుకొని సుమారు 400 ఫలకాలను పగులగొట్టారు. నవంబరు 21న మంచు పట్టు సడలగానే ఓడ అడుగుకు చేరింది.

సిబ్బంది

తరువాత అయిదు నెలలు సిబ్బంది మంచు పలకలపైనే నివసించారు. కుక్కలన్నిటినీ చంపవలసి వచ్చింది. 1916 ఏప్రిల్ 9న కాలికింది పలక విరగడంతో మూడు పడవలలో బయలుదేరి, ఆరు రోజులకు ఎలిఫెంట్ ద్వీపానికి చేరుకున్నారు. అక్కడి నుండి షాకిల్టన్, మరి అయిదుగురు జేమ్స్ కెయిర్డ్ అనే పడవలో దక్షిణ జార్జియాకు వెళ్ళారు. ద్వీపంలో మిగిలిన 22 మందిని నాలుగవ ప్రయత్నంలో, 1916 ఆగస్టు 30న, చిలీ దేశపు నౌక యెల్చో రక్షించింది. దాని కెప్టెన్ లూయిస్ పార్డో.

యాత్రలో ఎవరూ మరణించలేదని తరచుగా వ్రాస్తుంటారు. ఇది ఎండ్యూరెన్స్ సిబ్బందికి మాత్రమే వర్తిస్తుంది. ఖండానికి అవతలి వైపున రాస్ సముద్ర తీరంలో, షాకిల్టన్ కోసం దారి పొడవునా ఆహారం నిలువచేయడానికి మరొక బృందం పనిచేసింది. వారి ఓడ అరోరా 1915 మేలో లంగర్లు తెగి, మంచులో చిక్కుకొని కొట్టుకుపోయింది. తీరాన మిగిలిన పదిమందిలో ముగ్గురు మరణించారు. ఎన్నడూ రాని షాకిల్టన్ కోసం ఆహారాన్ని మాత్రం వారు అనుకున్న చోట్లకు చేర్చారు.

ఫ్రామ్ నౌకతో పోలిక

మంచులో చిక్కుకున్నా నలగని ఓడను కట్టడం అప్పటికి సాధ్యమేనా? అవును, ఎండ్యూరెన్స్‌కు ఇరవై సంవత్సరాల ముందే కట్టారు. 1881 జూన్‌లో అమెరికా నౌక జెన్నెట్ సైబీరియాకు ఉత్తరాన మంచుకు నలిగి మునిగిపోయింది. దానిలోని 33 మందిలో 20 మంది మరణించారు. మూడేళ్ళ తరువాత దానికి చెందిన వస్తువులు కొన్ని గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో దొరికాయి. అనగా ఉత్తర ధ్రువ సముద్రపు మంచు ఒక వైపు నుండి మరొక వైపునకు కదులుతున్నదని అర్థం. దీనిని బట్టి నార్వేకు చెందిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్ కావాలనే మంచులో చిక్కుకొని ప్రయాణించాలని తలచాడు.

ఇందుకోసం కోలిన్ ఆర్చర్ నిర్మించిన ఫ్రామ్ నౌక పొడవు 39 మీటర్లు, వెడల్పు 11 మీటర్లు. పొట్టిగా, గుండ్రని పక్కలతో చూడడానికి అందంగా ఉండదు, సముద్రంలో విపరీతంగా ఊగేది కూడా. కాని పక్కలు వాలుగా ఉన్నందున మంచుకు పట్టు దొరకదు. తడి మామిడి టెంకను వేళ్ళతో నొక్కితే జారిపోయినట్లు, ఒత్తిడి పెరిగేకొద్దీ ఓడ పైకి లేచి మంచుమీద కూర్చుంటుంది. 1893 సెప్టెంబరులో మంచులో బిగిసిన ఫ్రామ్ 1896 ఆగస్టులో క్షేమంగా బయటపడింది. ఎండ్యూరెన్స్ పక్కలు ఇందుకు భిన్నంగా నిటారుగా ఉండేవి. మంచు ఒత్తిడి మొత్తం దాని పక్కటెముకలే భరించవలసి వచ్చింది.

శిథిలాలు, తదుపరి పరిశీలన

కెప్టెన్ ఫ్రాంక్ వోర్స్లీ సెక్స్‌టాంటు అనే కోణమాపకంతో లెక్కకట్టి, ఓడ మునిగిన స్థానాన్ని వ్రాసి ఉంచాడు. 2019లో వెదకిన బృందం తమ జలాంతర యంత్రాన్ని మంచు కింద పోగొట్టుకొని తిరిగివచ్చింది. 2022లో దక్షిణాఫ్రికా నౌక ఎస్.ఎ. అగుల్హాస్-2 నుండి ఫాక్‌లాండ్స్ మారిటైమ్ హెరిటేజ్ ట్రస్టు జరిపిన అన్వేషణ ఫలించింది. వోర్స్లీ గుర్తించిన చోటికి దాదాపు ఏడు కిలోమీటర్ల దూరంలోనే ఓడ దొరికింది. పరిస్థితులను బట్టి చూస్తే వోర్స్లీ లెక్క ఎంతో మెచ్చదగినది. అంటార్కిటికా నీటిలో కలపను తొలిచే పురుగులు లేనందువల్ల ఓడ చెక్కుచెదరకుండా నిటారుగా నిలిచి ఉన్నది. వెనుక భాగంలో ఎండ్యూరెన్స్ అనే అక్షరాలు, వాటి కింద పాత పేరును గుర్తుచేసే ధ్రువ నక్షత్రపు చిహ్నం స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఈ అన్వేషణలో పాల్గొన్న ఫిన్‌లాండ్ ఆచార్యుడు యుక్కా తుహ్కురి, ఓడ మునకకు కారణాలను విశ్లేషించి 2025లో పోలార్ రికార్డ్ పత్రికలో ప్రచురించాడు. చుక్కాని ఊడిపోవడమే కారణమన్న ప్రచారాన్ని అతడు అంగీకరించలేదు. సమకాలపు ధ్రువ నౌకలతో పోలిస్తే దీని అడ్డదూలాలు, పక్కటెముకలు బలహీనమైనవి. యంత్రపు గది పొడవుగా ఉండడం వలన, ఓడ రెండు పక్కలనూ ఎడంగా నిలబెట్టవలసిన దూలాలు ఆ మేరకు లేవు. ఇవన్నీ షాకిల్టన్‌కు తెలియనివి కావు. ఈ ఓడ తన పాత నౌక నిమ్రాడ్ అంత దృఢమైనది కాదని భార్యకు వ్రాసిన లేఖలో పేర్కొన్నాడు. అంతకు ముందే, ఫిల్ష్‌నర్ డాయిచ్‌లాండ్ నౌకకు లోపల ఏటవాలు ఊతదూలాలు అమర్చమని సలహా ఇచ్చినది కూడా అతడే. ఎనిమిది నెలల తరువాత ఆ ఓడ నలగకుండా బయటపడింది. తన ఓడకు మాత్రం షాకిల్టన్ ఆ ఊతలు అమర్చలేదు.

అంటార్కిటికా ఒప్పందం కింద ఈ శిథిలాలు రక్షిత చారిత్రక స్థలం. వాటిని ఛాయాచిత్రాలు తీయవచ్చు గాని, తాకడానికి గాని, ఏ వస్తువునైనా పైకి తీయడానికి గాని అనుమతి లేదు.